యాది సాల్తలేదట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఆఫీసంటే పెద్దదేమీ కాదు, కొత్తవాడలో చేనేత సంఘం వాళ్ళ రెండు గదులు. ముందు గదిలో నేసిన జంపఖానాలు మడతలు పెట్టి ఉంటాయి. వెనక గదిలో నేను, నా కంప్యూటర్. మా ఇద్దరికీ పడదు. పొద్దున స్విచ్ వేస్తే నేను టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చేదాకా అది కళ్ళు తెరవదు. దాని మీద అరవని రోజు లేదు. అది వింటే ఎంత, వినకపోతే ఎంత. కానీ ఒకనాడు దాని మీద అరవాల్సిన అరుపు ఒక పెద్దమనిషి మీద పడింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పెద్దమనిషి మా ఆఫీసుకు రెండు సందుల అవతల ఉంటాడు. నాకు చుట్టం కాదు గానీ, వాడలో అందరిలాగే నేనూ కాకా అనే పిలుస్తాను. నలభై ఏళ్ళు జంపఖానాలు నేసిన చేయి. నేతకంటే డిజైన్లు గీయడంలోనే ఆయనకు పేరు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడినీ రంగు పెన్సిల్‌తో నింపేవాడు. నిలువు గడులు పడుగు, అడ్డం గడులు పేక. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని లెక్క తప్పకుండా నేస్తే చాలు, కాక డిజైన్ మగ్గం మీదికి దిగేది. ఒక ఏడు వానలకు వాడలోకి నీళ్ళొచ్చాయి. మంచం కింద రేకు పెట్టెలో దాచుకున్న కాగితాలన్నీ నాని ముద్దయ్యాయి. ఆ ముద్దను నేను కళ్ళారా చూశాను. ఎరుపు, నీలం, పచ్చ అన్నీ కలిసి బురద రంగుకు తిరిగాయి. ఇక ఆ డిజైన్లు మిగిలింది కాక తలలోనే.

ఆ తలేమో ఆయనకే అనుమానంగా తయారైంది. పాల ప్యాకెట్‌కని పోయి, రోజూ పోయే దారే మరిచి, అరగంట ఎవరింటి అరుగు మీదో కూర్చున్నాడట. నల్లా విప్పి మరిచిపోతాడు, తాగిన టీ మళ్ళీ అడుగుతాడు. కోడలు మంచిదే, కసురుకోదు. కానీ ఆమె ముఖంలో కనబడే జాలి కసురు కంటే ఎక్కువ బాధ పెడుతుందని ఒకసారి నాతోనే అన్నాడు. అంతా పోకముందే తలలో ఉన్నది ఎక్కడైనా దింపి పెట్టాలని ఆయన ఆరాటం. చేయి వణుకుతోంది, పెన్సిల్ గడిలో నిలవడం లేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మా స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నవీ గడులే కదా! గడులన్నిటినీ చతురస్రంగా సరిచేసి, రంగు ఎలా నింపాలో కాకకు చూపించాను. మౌస్ పట్టుకుంటే వణుకు ఉన్నా ఫరవాలేదు, ఒక నొక్కుకు ఒక గడి నిండుతుంది. కాక ముఖం వెలిగిపోయింది. రోజూ పదింటికి వచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుని, ఒక్కో డిజైన్‌కు ఒక్కో షీట్ చొప్పున నింపుతూ పోయాడు. పెద్ద డిజైన్‌లో అటూ ఇటూ తిరగలేక అవస్థ పడుతుంటే ఒక కిటుకు చెప్పాను. కంట్రోల్ నొక్కిపట్టి బాణం గుర్తు నొక్కితే ఒక్క దూకులో అంచుకు పోతావు కాకా, అని. ఆ మాట ఆయనకు తెగ నచ్చింది. నేనేమో చెప్పి మరిచిపోయాను.

అలా నలభై ఒక్క డిజైన్లు అయ్యాయి. ఈలోగా సంఘం వాళ్ళు పది మంది ఆడవాళ్ళకు నేత నేర్పాలని, మూలపడ్డ మగ్గాలను బాగు చేయించారు. సోమవారం మొదలు. ముందుగా కాక డిజైన్లే నేయించాలని నిర్ణయం. వాటిని కాగితం మీద ప్రింట్ తీసి మగ్గం మగ్గానికీ అంటించాలి. ఆ మాట విన్నరోజు కాక రెండుసార్లు సంతోషపడ్డాడు, మొదటిసారి చెప్పింది మరిచిపోయి. నేను రెండోసారీ మొదటిసారి చెప్పినట్టే చెప్పాను.

గురువారం పొద్దున ప్రింట్‌కు కూర్చున్నాను. ప్రింట్ నొక్కగానే కంప్యూటర్ కొయ్యబారిపోయింది. పావుగంట తర్వాత, ఈ పని పూర్తి చేయడానికి మెమొరీ సరిపోదు, తక్కువ డేటాతో ప్రయత్నించండి, మిగతా ప్రోగ్రాములు మూసేయండి అని ఇంగ్లీషులో ఒక పెట్టె వచ్చింది. మూయడానికి నా దగ్గర మిగతా ప్రోగ్రాములు ఏమున్నాయి కనక? కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఫైల్‌కు ఇంకో పేరు పెట్టి దాచాను. షీట్ మొత్తం కాపీ చేసి కొత్త ఫైల్‌లో అంటించబోయాను, మళ్ళీ అదే పెట్టె. పాత ఫొటోలు, పనికిరాని ఫైళ్ళు తీసేసి డిస్క్ ఖాళీ చేశాను. దానికీ దీనికీ సంబంధం లేదని తర్వాత తెలిసింది, అప్పుడు ఎవరికి తెలుసు? మధ్యాహ్నానికి ఆకలి, తలనొప్పి, ఒళ్ళు మంట అన్నీ కలిశాయి.

కాక పక్కనే కూర్చుని ఆ పెట్టె వచ్చినప్పుడల్లా అదేమంటోందని అడుగుతున్నాడు. మూడోసారికి నా నోరు జారింది.

"మెమొరీ సాల్తలేదట కాకా."

"మెమొరీ అంటే?"

"యాది. యాది సాల్తలేదట. ఉన్నయన్ని నింపుకుంట పోతే ఎట్ల ఆగుతది?"

అన్నది కంప్యూటర్ గురించే. తెర మీంచి కళ్ళు తిప్పకుండా అన్నాను. కాసేపటికి కాక కుర్చీ జరిగిన చప్పుడైంది. నీళ్ళు తాగడానికి లేచాడేమో అనుకున్నాను.

శుక్రవారం రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. పదకొండింటికి కోడలు వచ్చి, ఇక మామ రాడట, నీకు చెప్పి రమ్మన్నాడు అంది. ఎందుకని అడిగితే చెప్పలేక చెప్పింది. నా యాది అయిపోయిందని కంప్యూటర్‌కే తెలిసిపోయింది, నేను పెట్టినవన్నీ తప్పులే కావచ్చు, ఆ పిల్లను ఆగం చేస్తున్నాను అన్నాడట. రాత్రి బువ్వ కూడా సరిగ్గా తినలేదట. పరుగెత్తి పోయి, కాకా, అది నిన్నన్నది కాదు అని చెప్పాలనిపించింది. కానీ ఉత్త మాటలతో ఆయన నమ్మడు. నన్ను ఓదారుస్తున్నావా బిడ్డా అంటాడు. అసలు ఆ ఫైల్‌కు ఏమైందో నాకే తెలియనప్పుడు, ఆయన తప్పు లేదని ఏ ముఖంతో చెప్పను?

మళ్ళీ కూర్చున్నాను. ఈసారి అరవకుండా కూర్చున్నాను. ప్రింట్ తీస్తే ఎన్ని పేజీలు వస్తాయో చూద్దామని చాలాసేపు ఆగి చూస్తే, లక్షల్లో చూపించింది. ఒక్క జంపఖానా డిజైన్‌కు లక్షల పేజీలేమిటి! అంటే ఈ షీట్ చివరిదాకా ఎక్కడో ఏదో ఉందని కంప్యూటర్ అనుకుంటోంది. షీట్‌లో వాడిన చివరి గడికి తీసుకుపోయే కిటుకు ఒకటుంది, కంట్రోల్ పట్టి ఎండ్ నొక్కడం. నొక్కాను. తెర ఒక్కసారిగా ఎక్కడికో వెళ్ళిపోయింది. పది లక్షల పైచిలుకు వరసల కింద, పదహారు వేల పైచిలుకు కాలమ్‌ల అవతల, ఇక గడులే లేని చోట, ఒక్క గడి. దాని నిండా పసుపు రంగు.

మొదట అర్థం కాలేదు. పైన మొదటి గడిలో పసుపు ఉండడం ఎప్పుడో చూశాను, డిజైన్‌లో భాగమేమో అనుకున్నాను. కుడి పక్క పై అంచుకు పోయి చూశాను, పసుపు. ఎడమ పక్క కింది అంచుకు పోయాను, పసుపు. అప్పుడు తట్టింది. కొత్త బట్ట ఏదైనా నాలుగు మూలలకు పసుపు పెట్టకుండా మా వాడలో ఎవరూ కట్టుకోరు. కాక తన గళ్ళ కాగితాలకు కూడా నాలుగు మూలలా పసుపు అద్దేవాడట. అంచుకు పోయే కిటుకు చెప్పింది నేనే. ఆయన పోయాడు. అంచు అంటే డిజైన్ అంచు కాదు, షీట్ అంచు. ఆ ఒక్క బొట్టు కోసం కంప్యూటర్ మధ్యలో ఉన్న గడులన్నిటినీ మోయాలని చూసి చతికిలబడింది.

ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ముందు గదిలోంచి ఎవరో తొంగి చూశారు. తర్వాత ఒక్కో షీట్ తెరిచి మూలలు చూడడం మొదలుపెట్టాను. ఐదో షీట్‌కు వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. పదిహేనో షీట్‌కు కళ్ళు తుడుచుకున్నాను. అన్నీ చూశాక ఎక్కడివక్కడే వదిలేసి, చివరి మూలను సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకుని కాక ఇంటికి పోయాను.

మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఫొటో చూపించి, ఇది నువ్వు పెట్టిందేనా అని అడిగాను. ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూశాడు.

"పసుపు వెట్టకుంట కొత్తది మొదలువెడ్తరా బిడ్డా?"

మెల్లగా చెప్పుకొచ్చాను. ఆ కంప్యూటర్‌కు తక్కువైంది మెషీన్ యాది అని, అది డబ్బులిచ్చి కొనే సామానని, నీ మూలలు అది మోయలేకపోయిందని. ఆయన వింటున్నాడు గానీ నమ్ముతున్నట్టు లేడు. అప్పుడు అసలు మాట చెప్పాను.

"నలభై ఒక్క షీట్లు కాకా. షీటుకు నాలుగు మూలలు. నూట అరవై నాలుగు. అన్ని చూసిన. ఒక్కటి గూడ మరువలే నువ్వు."

కాక ఫోన్ అందుకుని ఆ పసుపు గడిని మళ్ళీ చూశాడు. తర్వాత లేచి కూర్చున్నాడు.

"ఒక్కటి గూడనా?"

"ఒక్కటి గూడ. ముందుగాల నవ్వచ్చింది, తర్వాత ఏడుపచ్చింది. నిన్న నోరు జారిన, మనసుల వెట్టుకోకు."

కోడలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి పోయి ముగ్గురికీ టీ తెచ్చింది. కాక తాగేసి, కాసేపటికి మళ్ళీ టీ అడిగాడు. ఆమె ఈసారి జాలిగా చూడకుండా, ఇప్పుడే తాగినవు మామా అని నవ్వింది. ఆయనా నవ్వాడు.

శనివారం నేను తొందరగా వచ్చి మూలలు సరిచేశాను. డిజైన్ అయిపోయిన చోటు నుంచి కింది వరసలన్నీ తీసేయడం, పక్క కాలమ్‌లన్నీ తీసేయడం, ఫైల్ దాచి మళ్ళీ తెరవడం. పసుపు మాత్రం పారేయలేదు, డిజైన్ నాలుగు మూలలకు దగ్గరగా తెచ్చిపెట్టాను. ప్రింట్ నొక్కితే కంప్యూటర్ కిక్కురుమనకుండా కాగితం బయటికి పంపింది. పదింటికి కాక కోడలితో కలిసి వచ్చాడు. దారిలో తాళం వేశానా లేదా అని కోడలిని రెండుసార్లు అడిగాడట. ఆయన మరుపు ఎక్కడికీ పోలేదు, దాన్ని కాదనడానికి లేదు.

వచ్చి కూర్చుని, ప్రింట్లు ఒక్కొక్కటే కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. తొమ్మిదో కాగితం దగ్గర ఆగాడు. వేలితో మెల్లగా కిందికి గీస్తూ పోయి ఒకచోట ఆపాడు.

"ఈడ రెండు తెల్ల పేకలు ఉండాలె."

లేవన్నాను. ఉండాలి అన్నాడు. నాకు మళ్ళీ కోపం రాబోయింది. నేను ముట్టుకున్నవి కింది వరసలు, పక్క కాలమ్‌లే కదా అని వాదించబోయి, నాలుక కరుచుకున్నాను. ఫైల్ బరువు తగ్గుతుందని, పొద్దున ఆ షీట్‌లో నడుమ ఖాళీగా కనబడ్డ వరసలు కూడా రెండు తీసేశాను. రంగు లేదు కాబట్టి ఖాళీ అనుకున్నాను. ఆయన లెక్కలో అవి తెల్ల నూలు. సరిచేయకముందు దాచిన ఫైల్ తెరిచి చూస్తే, ఆయన వేలు ఆగిన చోటే ఉన్నాయి, సరిగ్గా రెండు.

ఆ కాగితం అలాగే మగ్గానికి అంటించి ఉంటే, పది మంది ఆడవాళ్ళూ తప్పునే నేర్చుకునేవాళ్ళు. నేనూ చూసి బాగుందనేదాన్ని. అది తప్పని తెలిసిన మనిషి లోకం మొత్తం మీద ఒక్కరే. వరసలు పెట్టి మళ్ళీ ప్రింట్ తీసి చేతికిస్తే, ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, పక్కన పెట్టి, తర్వాతది తియ్యి బిడ్డా అన్నాడు.