రాత్రిపూట అన్నం

బుల్లీ, నువ్వు పోయావన్న కబురు వచ్చేసరికి నేను పొయ్యి ముందే ఉన్నానమ్మా. రోజుకి ఒక్కసారి వండుకునే అన్నం అది. గంజి వారుస్తుంటే ఫోను మోగింది. నువ్వు చేసే వేళ కాదు. అయినా నువ్వే అనుకున్నాను.

కువైట్‌లో నువ్వు పనిచేసే ఇంట్లో కారు తోలే మన కాట్రేనికోన అబ్బాయి చేశాడు. "పిన్నిగారూ, పక్కన ఎవరన్నా ఉన్నారాండీ?" అన్నాడు. "ఎవరూ లేరు బాబూ, చెప్పు" అన్నాను. "ఎవర్నన్నా పిలవండి పిన్నిగారూ, అప్పుడు చెబుతాను" అన్నాడు. ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. పొద్దున్న లేపబోతే లేవలేదట. నిద్రలోనే గుండె ఆగిందన్నారట. గంజి అంతా పొయ్యిలోకి పోయి మంట ఆరిపోయింది. నేనలా చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడినించి చదివేవాళ్ళకి చెబుతాను. మా అమ్మాయితో చెప్పుకోవలసినవి రోజూ చెప్పుకుంటూనే ఉన్నాను. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. మలికిపురం దగ్గర ఒక కొబ్బరి కొట్టులో కాయలు ఏరి పోగులు పెట్టే పని నాది. రాయడం అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

మా అమ్మాయి తిండి దగ్గర మహా పట్టుదల మనిషి. ఎవరితో దెబ్బలాట వచ్చినా ముందు వాళ్ళ చేత తినిపించేది. మొగుడు ఇంకో మనిషిని తెచ్చుకుంటే, పెళ్ళయిన రెండో ఏడే సంచీ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాళ్ళ నాన్న అప్పటికే పోయారు. నోటికొచ్చినట్టు తిట్టాను. "సర్దుకుపోవడం తెలీదా నీకు? నలుగురిలో ఎలా తిరగనే?" అని వీధి వీధంతా వినేలా అరిచాను. అది లోపలికి వెళ్ళి, గిన్నెలో ఉన్న అన్నంలో మాగాయ కలుపుకొచ్చి నా నోట్లో ముద్ద పెట్టింది.

"ముందు తిను. తరవాత తిడుదువుగాని" అంది.

నోటినిండా అన్నం పెట్టుకుని ఎవరు తిట్టగలరండీ? నవ్వొచ్చేసింది నాకు. అదీ నవ్వింది, ఏడ్చింది. ఆ గిన్నెడన్నం ఇద్దరం గుమ్మంలోనే కూర్చుని తినేశాం. ఆ తరవాత కూడా నేను గొంతు పెంచితే చాలు, అదే మాట. "ముందు తిను."

కొన్నాళ్ళు ఇంట్లో ఉంది. తరవాత కువైట్‌లో ఒక పెద్దావిడని చూసుకునే పని దొరికింది. వెళ్ళేముందు ఇద్దరం అంతర్వేది గుడికి వెళ్ళాం. అది కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే, నేను పక్కన నిలబడి మొక్కుకున్నాను. నా బిడ్డ క్షేమంగా తిరిగొచ్చి ఇంటిపట్టున ఉండేదాకా రాత్రిపూట అన్నం ముట్టను స్వామీ అని. పైకే అన్నాను. మనసులో అనుకుంటే స్వామికి వినపడదా? వినపడుతుంది. పక్కనున్న పిల్లకి వినపడదు.

ఆ రోజునించి రాత్రిపూట అన్నం మానేశాను. చాలామంది అన్నం మానేసి టిఫిను తింటారు. నేను అదీ తినేదాన్ని కాదు. గ్లాసుడు మజ్జిగ తాగి పడుకునేదాన్ని. ఆ సంగతి అందరికీ తెలిసేలా కూడా చూసుకునేదాన్ని. కొట్టులో ఆడవాళ్ళు "తల్లంటే నువ్వేనమ్మా" అనేవారు. ఆ మాట వింటుంటే బాగుండేది. ఆకలి కూడా తెలిసేది కాదు.

మా పెద్ద తోడికోడలొక్కత్తే వెక్కిరించేది. "ఏమేవ్, స్వామికి నీ రాత్రన్నంతో ఏం పనుందే? ఆయనకేమన్నా బియ్యం తక్కువయ్యేయా?"

"పిల్ల కోసం అక్కా."

"పిల్ల నిన్ను తినొద్దని చెప్పిందా?"

నేను మూతి ముడుచుకుని వచ్చేసేదాన్ని. ఆవిడ పిల్లలు దూరంగా లేరు, ఏం తెలుసులే అనుకునేదాన్ని.

మా అమ్మాయి రోజూ దీపాలు పెట్టేక ఫోను చేసేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"తిన్నావా అమ్మా?"

"నీకు తెలుసు కదే."

అది వేరే సంగతులు ఎత్తుకునేది.

ఆ పెద్దావిడని ఎండాకాలం వాళ్ళ పిల్లలు గ్రీసు దేశం తీసుకెళ్ళేవారు. సముద్రం మధ్యలో ఒక లంక మీద వాళ్ళకి ఇల్లుంది. ఆవిడతోపాటు మా అమ్మాయీ వెళ్ళేది. మొదటి ఏడు వెళ్ళినప్పుడు ఫోనులో ఒకటే ఆశ్చర్యం.

"అమ్మా, మనదీ లంకే, ఇదీ లంకే. కానీ ఇక్కడ ఏరు లేదు, కాలవ లేదు, అంతా రాయే. తాగే నీళ్ళు కూడా ఓడలో వస్తాయంట. ఇళ్ళన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. ఒక్క కొబ్బరిచెట్టు లేదే!"

"కొబ్బరిచెట్టు లేకపోతే మనుషులెలా బతుకుతున్నారే?"

"బానే బతుకుతున్నారు. నవ్వుతూనే ఉన్నారు."

రెండో ఏడు రొట్టెల కొట్టతని మాట వచ్చింది. పెద్దావిడకి మెత్తటి రొట్టె కావాలని మా అమ్మాయి రోజూ పొద్దున్నే అతని కొట్టుకి వెళ్ళేది. అతనికి భార్య పోయి చాలాకాలమైంది. కట్టెల పొయ్యి ముందు ఒక్కడే ఉంటాడు. ఈ పిల్ల రోజూ ఒక్క రొట్టే కొంటోందని చూసి, మరి నీకు అని సైగ చేశాడట. నాకు అన్నం కావాలని, చేత్తో కలిపి నోట్లో పెట్టుకున్నట్టు చూపించిందట ఇది. మర్నాడు వెళ్ళేసరికి అన్నం వండి ఉంచాడు. పాలల్లో పంచదార వేసి వండాడు.

"పరమాన్నమే అమ్మా! నేను కారం కారంగా తిందామని నోరు తెరుచుకుని వెళ్తే పరమాన్నం పెట్టేడు!" అని పడీపడీ నవ్వింది.

ఆ నవ్వు విని నాకు భయం వేసింది. పెళ్ళయ్యాక దాని నోట అలాంటి నవ్వు నేను వినలేదు. సంతోషించాల్సిన తల్లిని, భయపడ్డాను.

తరవాత ఇది అతనికి చేపల పులుసు పెట్టింది. రొట్టెలు కాల్చేక పొయ్యిలో మిగిలిన వేడికి మట్టి గిన్నెలో పెట్టిందట. చింతపండు దొరక్క నిమ్మకాయలు పిండింది. అతను చెమటలు కక్కుకుంటూ, ముక్కు తుడుచుకుంటూ, గిన్నె అడుగుదాకా రొట్టెతో తుడిచి తిన్నాడట. "బాగుందని అన్నాడా?" అంటే, "మాటెక్కడ వస్తుందే అమ్మా, మంచినీళ్ళు తాగుతానే ఉన్నాడు" అంది.

ఒకరోజు వీడియోలో అతన్ని చూపించింది. గడ్డం నిండా పిండి. నేర్పించినట్టుంది, చేతులు జోడించి, "నమస్కారమండీ అత్తగారండీ. తిన్నారాండీ?" అన్నాడు. నేను ఫోను ఇంటికప్పు వైపు తిప్పేశాను. "ఏమిటోనే, ఏమీ కనపడ్డం లేదు, సిగ్నల్ లేదు" అన్నాను. సిగ్నల్ బాగానే ఉంది. అటునించి అతను ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా, "తిన్నారాండీ?" అనడం నాకు వినపడుతూనే ఉంది.

మూడో ఏడు అడిగింది. అడగడానికి అది ఎన్ని రోజులు ఆగిందో నాకు తెలియదు.

"అమ్మా, అతను ఇక్కడే ఉండిపొమ్మంటున్నాడు. పెళ్ళి చేసుకుందామంటున్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా అమ్మనడగాలన్నాను." మళ్ళీ తనే, "నువ్వు కూడా వచ్చెయ్యవే. కొట్టులో కూర్చుని కొబ్బరి లౌజు చేసి అమ్ముదువుగాని" అంది.

"చెట్టే లేదన్నావు, కాయ ఎక్కడినించి తేనే?"

"వచ్చేటప్పుడు నెత్తి మీద బుట్టెడు పెట్టుకురా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఆగేక మెల్లిగా అడిగింది.

"ముందు నేను ఇంటికొచ్చి ఓ నెల ఉంటాను. ఆ తరవాతే వెళ్తాను. అప్పుడు నీ మొక్కు తీరినట్టే కదమ్మా? రాత్రి తింటావు కదా?"

దానికి కావలసింది ఒక్క మాట. ఆయ్ తల్లీ, తింటాను అంటే సరిపోయేది. నేనేమన్నానో చెబుతాను వినండి.

"ఇంటిపట్టున ఉండేదాకా అని స్వామికి మాటిచ్చేనమ్మా. నెల్లాళ్ళుండి వెళ్ళిపోతే ఇంటిపట్టున ఉన్నట్టవుతుందా? అయినా నా సంగతెందుకులే. గ్లాసుడు మజ్జిగ చాలు నాకు. నువ్వు హాయిగా వెళ్ళు."

వెళ్ళమనే అన్నాను చూడండి. ఎవరడిగినా, నేను కాదనలేదండీ, వెళ్ళమన్నానని చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా. కానీ ఆ మజ్జిగ గ్లాసుతోనే దాన్ని కదలకుండా కట్టేశాను. తను అక్కడ అన్నం ముందు కూర్చున్న ప్రతి రాత్రీ నేనిక్కడ పస్తుంటానని తెలిశాక ఏ పిల్ల ఉండిపోగలదు? అందులోనూ మా అమ్మాయి.

"సరేలే అమ్మా, ఇంకో ఏడు చూద్దాం" అంది. పెద్దావిడతో కువైట్ వచ్చేసింది. ఆ ఇంకో ఏడు సగంలో ఉండగానే పిల్ల పోయింది. అటు ఆ లంకలోనూ కాదు, ఇటు ఈ లంకలోనూ కాదు. మధ్యలో, పనిచేసే ఇంట్లో, వంటగది పక్క గదిలో.

దాన్ని తెచ్చారు. అన్నీ జరిగాయి. దానితోపాటు వచ్చిన పెట్టెలో బట్టల మధ్య దుప్పటి చుట్టి ఒక మట్టి పళ్ళెం ఉంది. తెల్లటిది, అంచున నీలం రంగు చేపలు. ఆ లంకలోదే. దాని సంగతి ఫోనులో ఒకసారి చెప్పింది. "నీకో పళ్ళెం కొన్నానమ్మా. ఇప్పుడివ్వను. రాత్రి అన్నం తినే రోజు ఇస్తాను" అంది. నేను విననట్టు ఊరుకున్నాను.

మైల తీరేక అంతర్వేది వెళ్ళాను. ఇంక తిరిగొచ్చేవాళ్ళు లేరు కదా, ఆ మొక్కు ఏం చెయ్యాలో అడుగుదామని. పూజారిగారు పెద్దాయన. మొత్తం విన్నారు.

"అమ్మా, మొక్కు మార్చుకోవచ్చు కదా. స్వామీ, ఇలా అనుకున్నాను, ఇప్పుడు ఇలా మార్చుకుంటున్నానని చెప్పి ఓ కొబ్బరికాయ కొడితే సరిపోయేది."

"ఎప్పుడైనా మార్చుకోవచ్చాండీ?"

"ఎప్పుడైనా. బిడ్డ సుఖం కోసమంటే ఆయన కాదంటాడా?"

నేను రోజంతా కొబ్బరికాయల మధ్య కూర్చునేదాన్ని. నా ముందు ఒక పోగు, వెనక ఒక పోగు. అందులో ఒక్క కాయ పట్టుకుని వెళ్ళి అడిగితే అయిపోయేది. అడగలేదు. అడిగితే ఏమంటారో నాకు లోపల తెలుసేమో. మా తోడికోడలు ఎన్నోసార్లు చెప్పనే చెప్పింది. మొక్కు స్వామికి మొక్కాను గానీ, కాపలా పెట్టింది నా పిల్లకి.

ఆ రోజు కాయ కొట్టి, ఇంటికొచ్చి, దీపం పెట్టి, అన్నం వండాను. ఆ పళ్ళెం కడిగి అందులో పెట్టుకున్నాను. మాగాయ వేసుకున్నాను. కలిపాను గానీ చెయ్యి పైకి లేవలేదు. అలా కూర్చునుండగా ఫోను మోగింది. ఆ రొట్టెల కొట్టతను. పిల్ల పోయాక అప్పుడప్పుడు చేస్తాడు. మాటలు రావు కాబట్టి ఇద్దరం కాసేపు ఏడ్చుకుంటాం. ఆఖర్న "తిన్నారాండీ?" అంటాడు. నేను "ఆయ్" అంటాను. అబద్ధమే.

ఈసారి ఫోను కప్పు వైపు తిప్పలేదు. పళ్ళెం వైపు తిప్పాను.

చూసి గుర్తుపట్టాడు. మా అమ్మాయి కొంటున్నప్పుడు పక్కనే ఉన్నాడేమో. చేత్తో నోరు మూసుకున్నాడు. తరవాత లేచి లోపలికి వెళ్ళి ఒక రొట్టె ముక్క తెచ్చుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. మాకు చీకటి పడిపోయింది. వాళ్ళకింకా ఎండ ఉంది. అతని వెనక తెల్లటి గోడ మీద ఎండ, ఏదో చెట్టు నీడ గాలికి కదులుతోంది. అతను తినకుండా నన్నే చూస్తున్నాడు. నేను ఏదో చెప్పబోయాను, ఇదంతా నా వల్లేనయ్యా అని చెప్పుకుందామనుకున్నాను. ఏ భాషలో చెప్పను? నా పెదాలు వణకడం చూసి అతను అన్నాడు.

"ముందు తిను."

అత్తగారితో అనవలసిన తీరు అది కాదు. దాని నోటినించి ఎలా విన్నాడో అలాగే అన్నాడు పాపం. తిట్టుకోవడం, ఏడవడం తరవాతన్నమాట. నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడు అతను రొట్టె తుంచాడు.

ఇప్పుడు వారంలో చాలా రోజులు అలాగే తింటున్నాం. నా పళ్ళెంలో చేపలు అన్నం కింద ఉంటాయి. తినేకొద్దీ ఒక్కొక్కటీ బయటికొస్తుంటాయి. అతని వెనక గోడ మీద ఎండ మెల్లిమెల్లిగా పైకి జరుగుతుంటుంది.

మీరు కూడా రాత్రిపూట అన్నం మానకండి. కడుపునిండా తినండి.