పెంట మీద పెట్టిన పేరు

నా చిన్నప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచినా, తిట్టినా వినడానికి ఒకేలా ఉండేది. నా పేరు పెంటమ్మ. మా నాయనమ్మ సోలాపూర్‌కు వలస రాకముందు ఉన్న తెలంగాణ పల్లెలో ఈ పేరుకు ఎవరూ నవ్వరట. వాడకో పెంటయ్య, వాడకో పెంటమ్మ ఉండేవారట. నేను పెరిగింది మాత్రం భవాని పేట్‌లో. ఇంట్లో తెలుగు, పంపు దగ్గర మరాఠీ, కార్ఖానా మెట్ల మీద హిందీ. ఏ మాటనైనా ఇంకో భాషలోకి తిప్పి ఏడిపించగల పిల్లల మధ్య ఇలాంటి పేరుతో తిరగడం ఎంత కష్టమో పెట్టినవాళ్లకు తోచలేదు కాబోలు అని నేను లోలోపల ఉడికిపోయేదాన్ని.

మా నాన్న కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. గల్లీ అంతా మరమగ్గాల చప్పుడే. కరెంటు పోయినప్పుడే మాకు ఒకరి గొంతు ఒకరికి సరిగ్గా వినిపించేది. అమ్మ అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది. ఆమె పక్కనే పక్కింటి పెద్దమ్మ. భర్త లేడు, పిల్లల్లేరు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు, పెదవుల మీద ఏదో ఒక ప్రార్థన. ఆదివారం పూట తెల్లచీర కట్టుకుని మందిరానికి వెళ్లేది. యేసయ్యను నమ్ముకున్న ఇల్లు మా గల్లీలో అదొక్కటే. అందుకని ఆమె ఇంటి నీళ్లు తాగనివాళ్లు ఉండేవారు, ఆమె పెట్టిన పచ్చడికి మాత్రం గిన్నె పట్టుకుని వచ్చేవారు.

అమ్మ గురించి చెప్పాలి. ఆమె నన్ను నలుగురిలో ఎన్నడూ ముద్దు చేయలేదు. గల్లీలో తక్కిన పిల్లలను వాళ్ల అమ్మలు బుజ్జి, బంగారం అని పిలుస్తుంటే, మా అమ్మ 'ఏ పెంటీ' అనేది. ఎవరైనా వచ్చి పిల్ల చక్కగా ఉందంటే ఉలిక్కిపడేది. ఏం చక్కదనం, పెంట మీది పోరి అని నన్ను లోపలికి తరిమేది. తలంటి పోసే రోజున మాత్రం తలుపు గడియ వేసి, నా తల ఒళ్లో పెట్టుకుని, జుట్టు ఆరిపోయినా వదిలేది కాదు. బయట ఒక అమ్మ, తలుపు వేశాక ఇంకో అమ్మ. వీళ్లిద్దరిలో నిజమైనది ఎవరో నాకు తెలిసేది కాదు.

నేను మూడో తరగతిలో ఉండగా వానాకాలంలో జ్వరం వచ్చి అమ్మ పోయింది. కొన్నాళ్ల పాటు ఇల్లంతా మనుషులే. ఓదార్చడానికి వచ్చినవాళ్ల నోళ్లు కూడా అన్నీ ఒకేలా ఉండవు కదా. ఒకావిడ గోడకు ఆనుకుని కూర్చుని, "పెంట మీద దొరికిన పిల్లకు తల్లి ఎట్ల దక్కుతది?" అన్నది. పక్కనున్నావిడ నిట్టూర్చింది. ఆ మాటలో తక్కినవన్నీ నాకు పాతవే. 'దొరికిన' అన్నది ఒక్కటే కొత్త. అప్పటిదాకా అది ఉత్త పేరనుకున్నాను. దానికి వెనకాల ఒక సంగతి ఉందని ఆ రోజే తెలిసింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, బడికి తిరిగి వెళ్లిన వారంలోనే మరాఠీ గురూజీ మా పేర్లకు అర్థాలు అడిగాడు. పాపం, ఆయన మంచివాడే. లక్ష్మి, సరస్వతి, తులసి అంటూ ఒక్కొక్కరే లేచి చెప్పారు. నా వంతు వచ్చేసరికి నేను నేలచూపులు చూశాను. మా గల్లీ పిల్లే ఒకతి నాకు సాయం చేద్దామని లేచి, పెంట అంటే 'ఉకిరడా' గురూజీ అని చెప్పింది. చెత్తా పేడా పోసే కుప్పకు మరాఠీలో అదే మాట. తరగతి గొల్లుమన్నది. సాయంత్రానికల్లా పంపు దగ్గర "కచరా ఆలీ, కచరా ఆలీ" అని పాట మొదలైంది. చెత్త వచ్చింది, తప్పుకోండి అని.

ఆ వయసు బుర్రకు తోచిన లెక్క ఒకటుంది. నేను దొరికానంటే, ఎవరో నన్ను వదిలిపెట్టి ఉండాలి. పోయిన అమ్మ పెంచిన అమ్మ. వదిలిన అమ్మ ఎక్కడో ఉంది. ఎక్కడ వదిలిందో అక్కడికే వెతుక్కుంటూ వస్తుంది. అందుకని బడి నుంచి వచ్చి, సంచి ఇంట్లో పడేసి, గల్లీ చివరి పెంట దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

ఆ కుప్ప ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. రంగురంగుల నూలు పోగులు, తునికాకు కత్తిరింపులు, పొయ్యి బూడిద, మా పక్క సందులోని గేదెల పేడ. ఎప్పుడూ ఒకటో రెండో కుక్కలు. ఆడవాళ్లు తట్టలతో వచ్చి పోసి పోతున్నారు. వచ్చిన ప్రతి ఆమె మొహమూ చూశాను. ఒకామె ముక్కు అచ్చం నాలాగే చివర కొంచెం పైకి లేచి ఉంది. గబుక్కున లేచి నిలబడ్డాను. ఆమె "సరక్ గ పోరీ" అని నన్ను పక్కకు జరిపి, బూడిద పోసి, తట్ట దులుపుకుని వెళ్లిపోయింది. నేను మళ్లీ కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా పక్కింటి పెద్దమ్మ తన చాటలోని ఆకు ముక్కలు పారబోయడానికి వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఈడ గూసున్నవేంది బిడ్డా?"

"మా అమ్మ కోసం."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మ పోయింది గద తల్లీ."

"ఆ అమ్మ గాదు. నన్ను ఈడ ఇడిసిపెట్టిపోయిన అమ్మ."

పెద్దమ్మ చాటలోని ఆకు ముక్కలు పారబోసింది. చాట చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో నన్ను ఎత్తుకుంది. మూడో తరగతి పిల్లను! నా కాళ్లు ఆమె మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. గల్లీ అంతా చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, దింపమని అనలేదు. అమ్మ పోయాక నన్ను ఎవరూ ఎత్తుకోలేదు.

తన ఇంటికి తీసుకెళ్తుందనుకున్నాను. మా ఇంటికే తెచ్చి, గడప లోపల నిలబెట్టింది. నా చెయ్యి తీసి తలుపు చట్టం మీద పెట్టింది. "ఈడ్నే నిలవడు. నేను చెప్పేదాక గడప దాటకు. ఏమైనా సరే, దాటకు" అన్నది. మా దండెం మీది పాత తువ్వాలు తీసి, ఉండలా చుట్టి, పసిబిడ్డను చుట్టినట్టు చాటలో పెట్టింది. ఆ చాట తీసుకెళ్లి పెంట మీద దింపి, వెనక్కి చూడకుండా అవతలి సందులోకి వెళ్లిపోయింది.

నాకేమీ అర్థం కాలేదు. ఉత్త చాట, ఉత్త తువ్వాలు. అయినా చూస్తూ ఉన్నాను. మా గడప నుంచి పెంట అంత దగ్గరగా, అంత స్పష్టంగా కనిపిస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. అంతలో ఒక కుక్క వచ్చి చాటను వాసన చూసింది. మూతితో తువ్వాలును కదిపింది. నేను కెవ్వున అరిచాను. కాలు గడప మీదికి వచ్చేసింది. తువ్వాలు కోసం ఎందుకంత అరిచానో ఇప్పటికీ చెప్పలేను.

సందులోంచి పెద్దమ్మ పరుగున వచ్చి చాట ఎత్తుకుని, నా దగ్గరికి వచ్చి గడప అవతల కూలబడింది. "అగో, గట్లనే ఒర్రింది మీ అమ్మ" అన్నది. "గీ చాటనే. నువ్వు పుట్టిన తెల్లారి. ఆమె చెయ్యి గూడ గాడ్నే ఉండె, నీ చెయ్యి ఉన్న కాడ."

అప్పుడు చెప్పింది అంతా. నాకు ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదట. ఒక్కొక్కరినీ మట్టిలో పెట్టి వచ్చిన ప్రతిసారీ అమ్మ సగమైపోయిందట. నేను పుట్టగానే నాయనమ్మ ఊరి ఆచారం ఒకటి తీసింది. పిల్లను పెంట మీద పెడితే, ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని మృత్యువు దాటిపోతుందట. పరాయి మనిషి ఎత్తుకుని తెచ్చి ఇస్తే, అది ఇక ఈ ఇంటి లెక్కలో ఉండదట. ఆ పరాయి మనిషిగా పెద్దమ్మను ఎంచడంలో కూడా నాయనమ్మ తెలివి ఉంది. మన దేవుళ్లకు దీపం పెట్టని ఇంట్లో మన పిల్లను వెతకాలని చావుకు తోచదని ఆమె నమ్మకం. బాలింత గడప దాటకూడదని అమ్మను ఆపేశారు. నాయనమ్మ నన్ను పెంట మీద పెట్టినప్పటి నుంచి పెద్దమ్మ ఎత్తుకునేదాకా అమ్మ ఆ చట్టం పట్టుకుని నిలబడింది. "ఒక్క రెప్ప వాల్చలే" అన్నది పెద్దమ్మ.

ఆ పైన ఒక షరతు. ఈ సంగతి పిల్లకు చెప్పకూడదు, నలుగురిలో ముద్దు చేయకూడదు. చేస్తే చావు గుర్తుపడుతుంది. అందుకే అమ్మ నన్ను 'పెంటీ' అని గట్టిగా పిలిచేది, తలుపు వేసుకుని తల నిమిరేది. నేను బతకాలని ప్రేమను దాచుకుంది, దాచుకుంటూనే వెళ్లిపోయింది. అమ్మ పోయినప్పుడు నేను అందరితో పాటు ఏడ్చాను. నా ఏడుపు నేను ఏడ్చింది ఆ గడప మీదే.

ఏడుపు తెరిపినిచ్చాక అడిగాను, "మల్ల నేను ఎవరి బిడ్డను?" అని. అమ్మ కన్నది, పెద్దమ్మ ఎత్తుకున్నది, పేరేమో పెంటది.

పెద్దమ్మ నా మొహం కొంగుతో తుడిచింది. "ఎత్తుకున్నప్పుడు 'నాకు దొరికింది, నాది' అనమని మీ నాయినమ్మ చెప్పింది. నేను అనలే బిడ్డా. సావుకు కనవడకుండ దాసుడు నాకు రాదు. 'ప్రభువా, ఇది నీ బిడ్డ, నువ్వే పేరు వెట్టి పిలువు' అన్న. అమ్మకు పుట్టకముందే నువ్వు ఆయన బిడ్డవు. మేమంత నడుమల ఎత్తుకున్నోళ్లం" అన్నది.

"పెంట మీద ఉన్నదాన్ని ఆయన గూడ తీసుకుంటడా?"

ఆమె నవ్వింది. ఆ రోజు నన్ను ఏడిపించని నవ్వు అదొక్కటే. "ఆయన పుట్టింది ఏడనుకున్నవ్? పశువుల కొట్టంల. గడ్డి ఏసే తొట్టిల పండబెట్టిండ్రు. పెంట వాసన ఆయనకు కొత్తగాదు బిడ్డా."

మా మాటలు విని నాయనమ్మ లోపలి నుంచి వచ్చింది. సంగతి అర్థం కాగానే, చప్పుడు చేయకు, సావు ఇంటది అంటూ పెద్దమ్మ నోరు మూయబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది. మెల్లగా గోడకు చేరగిలబడి కూర్చుంది. "పిల్లను దాసిన గని, తల్లిని దాసుడు మర్సిన" అన్నది. అంత గట్టి మనిషి అలా ఏడవడం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ఆదివారాలు పెద్దమ్మ వెంట మందిరానికి వెళ్లేదాన్ని. నాయనమ్మ అడ్డు చెప్పలేదు. సగం ఆమెదే కదా, పోనీ అనేది. విశ్వాసం నాకు ఒక్క రోజులో కుదరలేదు. క్రిస్మస్‌కు మందిరంలో గడ్డి పరిచి తొట్టి పెట్టినప్పుడు, తక్కిన పిల్లలు బొమ్మను చూసేవారు, నేను గడ్డి వాసన చూసేదాన్ని. పంపు దగ్గర పాట ఆగలేదు. కానీ వింటున్నప్పుడు లోపల ఎక్కడో, ఈ పాట పాడేవాళ్లకు సగం సంగతే తెలుసు అని ఉండేది. అదే నన్ను నిలబెట్టింది.

నేను పెద్దదాన్నవుతుండగా పెద్దమ్మ ఊపిరితిత్తులు పొగాకు దుమ్ముకు పాడైపోయాయి. ఆఖరి రోజుల్లో ఆటో దాకా నేనే ఎత్తుకుని నడిచాను. చాటంత తేలికైపోయింది. వెళ్లిన ఆసుపత్రి నుంచి ఆమె మళ్లీ రాలేదు. రెండోసారి తల్లి లేనిదాన్నయ్యాను. రెండోసారి కాబట్టి దుఃఖం తక్కువగా ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి.

కొన్నేళ్లకు బాప్తిస్మం తీసుకున్నాను. నాయనమ్మ అప్పటికి లేదు. నాన్న వద్దనలేదు, రమ్మంటే రాలేదు. అంతకుముందు మందిరంలో ప్రార్థన చేయించే అయ్యగారు దయగా అడిగారు, కొత్త పేరు ఏం పెట్టుకుంటావమ్మా అని. రూతు, మరియ, ఎస్తేరు అని ఆయనే కొన్ని చెప్పారు. అన్నీ మంచి పేర్లే. చిన్నప్పుడైతే ఏదిచ్చినా కళ్లకద్దుకుని తీసుకునేదాన్ని. "నా పేరుతోనే ముంచండి అయ్యగారూ" అన్నాను. ఆయన కాస్త ఇబ్బంది పడ్డారు. ఇంతమందిలో ఆ పేరెలా పిలవను అన్నారు. ప్రభువుకు నన్ను మొదటిసారి అప్పజెప్పింది పెంట మీదేనని, ఆ పేరు మార్చుకుంటే ఎత్తుకున్నామెను, నిలబడి చూసినామెను ఇద్దరినీ పోగొట్టుకుంటానని చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు.

నీళ్లలో నిలబెట్టి, అందరికీ వినపడేలా "పెంటమ్మా" అని పిలిచారు. ఎవరూ నవ్వలేదు. నేను మందిరం తలుపు వైపు చూశాను. గడపలో ఎవరూ లేరు.

ఇప్పుడు కుంభారి కాలనీలో ఉంటున్నాను. మనవరాలు బడి నుంచి వచ్చి, నీ పేరేంది నాయినమ్మా గిట్లుంది అని నవ్వుతుంది. దాన్ని ఒళ్లోకి లాక్కుని నలుగురి ముందే ముద్దు చేస్తాను, తలుపు వేయను. వీధిలో ఎవరైనా నన్ను పేరు పెట్టి పిలిస్తే మాత్రం, పిలిచినవాళ్ల వైపు తిరిగేలోపు నా కళ్లు ఒక్కసారి గడప మీదికి వెళ్తాయి. చట్టం పట్టుకుని ఒకామె అక్కడే ఉంటుంది, రెప్ప వాల్చకుండా.