నేరేడు రంగు రెక్కల కోసం

మాస్టారు పోయారన్న కబురు పోర్టు గేటు దగ్గర టీ బడ్డీలో తెలిసింది. రెండు షిఫ్టులు వరసగా చేసి, కళ్ళు మూతలు పడుతుంటే గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నాతో బీయెస్సీ చదివి, ఇప్పుడు ఉక్కు ఫ్యాక్టరీ కట్టే పనుల్లో ఉన్న మిత్రుడు సైకిలు ఆపాడు. "బావా, మన జువాలజీ మాస్టారు పోయార్రా. దినాలు కూడా అయిపోనాయంట. మనకే ఎవలూ సెప్పనేదు," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. అలసిపోయిన మనిషికి దుఃఖం కూడా ఆలస్యంగానే అందుతుంది. టీ చల్లారిపోతే పారబోసి లేచాను.

ఆయన మాకు పాఠం చెప్పింది డెబ్బైల్లో. విజయనగరం వైపు రైతు కుటుంబం. క్లాసులో పుస్తకం భాష, గుమ్మం దాటితే ఊరి భాష. చొక్కా జేబులో సుద్దముక్కల పక్కన ఎప్పుడూ ఏదో ఒక ఆకు ఉండేది. ఆయనకు ప్రాణం ఒక సీతాకోకచిలుక. మెటల్‌మార్క్ అనే కుటుంబంలోది, అబిసార దాని పేరు. "దీని చుట్టాలందరూ దక్షిణ అమెరికా అడవుల్లో, రెక్కల నిండా వెండి చుక్కలతో దర్జాగా ఉంటారు. మన కొండకి వచ్చింది మాత్రం పేద చుట్టం," అనేవారు. మనదానికి మెరుపు లేదు, నేరేడుపండు రంగు. ఆకు మీద వాలి, వాలిన చోటే గిరుక్కున తిరిగి, వచ్చిన దారి చూసుకుంటుంది. మగదానికి ముందరి కాళ్ళు చిన్నవైపోయి నాలుగు కాళ్ళ మీదే నడుస్తుంది, ఆడది ఆరింటి మీదా నడుస్తుంది. "సంసారం మోసేదెవరో తెలిసిందా?" అని అడిగి, ఆడపిల్లలు నవ్వాక పాఠం కొనసాగించేవారు.

ఆ రోజుల్లో ప్రాక్టికల్ పరీక్షకు ప్రతివాళ్ళూ పురుగుల పెట్టె పట్టుకెళ్ళాలి. అడుగున బెండు పరిచి, సూదులు గుచ్చి, కింద పేర్లు రాసిన పెట్టె. మెటల్‌మార్క్ ఉన్న పెట్టెకు మాస్టారు అదనంగా మార్కులు వేసేవారు. వలతో పడితే రెక్కల పొడి రాలిపోతుంది కనుక ఒక కిటుకు కూడా నేర్పారు. కంచరపాలెం వైపు కొండ వెనక వాలులో వాయువిడంగం పొదలుండేవి. ఆ సీతాకోక గొంగళిపురుగుకి అక్కడ ఆ ఆకు తప్ప ఇంకోటి పడదు. ఆకు అడుగున పచ్చటి పురుగు కనిపిస్తే కొమ్మతో సహా నరికి తెచ్చుకుని, సీసాలో పెంచి, రెక్కలు విప్పిన పూటే సూది గుచ్చేస్తే రెక్క మీద గీత కూడా పడదు. ఏటా మా కాలేజీ పెట్టెలే పెట్టెలు. పైనుంచి వచ్చిన పరీక్షాధికారి మెచ్చుకుని వెళ్తే, ఆ వారమంతా మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవారు.

నేను పోర్టులో గుమాస్తాగా కుదిరాక ఒక ఆదివారం ఆయనతో ఆ వాలుకి వెళ్ళాను. పొదలు లేవు, ఎండిన మోళ్ళున్నాయి. ఒక్క సీతాకోకా లేదు. ఏటా ఒక క్లాసు, మనిషికి నాలుగు కొమ్మలు. మాస్టారు రాయి మీద కూలబడ్డారు.

"నానే సేసినాను బాబూ," అన్నారు. "గొడ్డలి పట్టుకోనేదు గానీ, మార్కులు పట్టుకున్నాను."

మరుసటేడు మాస్టారు పరీక్షలోంచి పెట్టె తీసేశారు. బతికున్న పురుగుని చూసి బొమ్మ గియ్యమన్నారు. పరీక్షాధికారి బొమ్మలకు మార్కులు తగ్గించాడు, పిల్లల తండ్రులు వచ్చి కేకలేశారు, పైవాళ్ళు సంజాయిషీ అడిగారు. "ఎందుకు మాస్టారూ ఈ గొడవ?" అంటే, "కొట్లాడే ఓపికా నేదు, మానీసే ఓపికా నేదు," అనేవారు. ఆ మాట ఇప్పటికీ డ్యూటీకి బయల్దేరేటప్పుడు నాకు గుర్తొస్తుంది.

ఆ పొదలు మళ్ళీ నాటాలని విడంగం గింజల కోసం వన్ టౌన్‌లో మూలికల కొట్టుకి వెళ్ళాం. కొట్టు సాయిబుగారు పొట్లం కడుతూ, "మాస్టర్ సాబ్, కడుపులో పురుగులు సావాలని అందరూ ఇవి కొంటారు. పురుగుల్ని పెంచడానికి కొన్నది మీరొక్కరే," అన్నారు. ఆ ఎండు గింజలు ఒక్కటీ మొలవలేదు. సంగతి విని సాయిబుగారే దూరపు కొండల మీంచి వచ్చేవాళ్ళతో పచ్చికాయలు తెప్పించి ఇచ్చారు. అవి మొలిచాయి. వానాకాలం వస్తే చాలు, మాస్టారు మొక్కలు మోసుకుని వాలెక్కడం, మేకలు వెనకే వచ్చి మేసెయ్యడం. డబ్బాతో నీళ్ళు మోసి నా భుజాలు కాయలు కాచాయి. ఆయనకు ఆయాసం. ఇద్దరం కొండ దిగేసరికి మాట్లాడుకునే ఓపిక కూడా ఉండేది కాదు.

చివరికి నిలదొక్కుకున్నది కంచరపాలెంలో ఆయన పెరట్లో నాటిన పొద ఒక్కటే. రైలు కట్ట దాటితే ఇల్లు, ఇంటి వెనక కాస్త నడిస్తే కొండ. రిటైరయ్యాక, సీతాకోక వచ్చి గుడ్లు పెట్టిందేమోనని రోజూ ఆకులు తిప్పి చూసేవారు. "ఆకు నిండుగా ఉందంటే ఎవలూ రానేదని," అనేవారు. శుక్లాలు ముదిరాక కళ్ళు ఆనలేదు. బొటనవేలితో ఒక్కొక్క ఆకు అంచూ తడిమేవారు. "నిండుగానే ఉంది," అని చేతులు కడుక్కునేవారు. అది వినడం నాకు కష్టంగా ఉండేది. అందుకే ఈ ఏడాది వెళ్ళడం తగ్గించాను.

కబురు తెలిసిన మర్నాడు వెళ్ళాను. మాస్టారి భార్య వాకిట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. మాటల మధ్యలో పెరటి వైపు చూపించి, "ఆయన పోయినకాడి నుంచి నీల్లు పోసే దిక్కు నేక, ఆ సెట్టుకి పురుగట్టీసింది బాబూ. మందు కొట్టమని ఎదరింటాయనికి సెప్పినాను. సాయంత్రం వత్తానన్నాడు," అన్నారు.

గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తాను. ఆకులు అంచుల దాకా కొరికేసి ఉన్నాయి. ఒక దాన్ని తిప్పి చూశాను. పచ్చగా, చదునుగా, సన్నటి నూగుతో ఆకుని కరుచుకుని ఉంది. పక్క ఆకు కింద ఇంకొకటి. నాకు సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. ఒక్క నెల ముందు వస్తే దీని సొమ్మేం పోయింది?

"మందు వద్దండి. మాస్టారు ఎదురు చూసింది వీటి కోసమే," అన్నాను.

"సీతాకోక, సీతాకోక అనేవోరు గానీ, పురుగని నాకెప్పుడు సెప్పినారు?" అంటూ ఆమె మెల్లగా లేచి వచ్చారు. పొద ముందు వంగారు. ఒక ఆకుని అరచేతిలోకి తీసుకుని, ఆయన చేసినట్టే బొటనవేలితో అంచు తడమడం మొదలుపెట్టారు. సగం దాకా వెళ్ళాక, కొరికిన చోట వేలు ఆగిపోయింది. ఆమె ఆ వేలు తియ్యలేదు.