గుండ్ల బాబాయి చెప్పని పని

మా ప్రయోగశాలలో ఆయన్ని అందరూ గుండ్ల బాబాయి అనేవాళ్ళం. ఉక్కు గుండ్లున్న డబ్బాలో లోహపు పొడుల్ని గిరగిరా తిప్పే మిల్లు ఆయన చేతిలో ఉండేది. ఇనుము, నికెల్, కోబాల్ట్, క్రోమియం, అల్యూమినియం సమపాళ్ళలో వేసి ముప్ఫై గంటలు తిప్పితే, గుండ్ల దెబ్బలకు ఐదూ కలిసి ఒకే మిశ్రమలోహమవుతాయి. దాని రేణువులు మామూలు సూక్ష్మదర్శినికి అందనంత చిన్నవి. ఆ పొడిని అచ్చులో పోసి, కరగనివ్వకుండా వేడిచేస్తూ గట్టిగా నొక్కితే చొక్కా గుండీ అంత బిళ్ల వస్తుంది. ఇలా వేడిచేసి నొక్కడాన్నే సింటరింగ్ అంటాం. నా డాక్టరేటు ఆ బిళ్ల మీదే ఆధారపడింది.

పాత మిల్లు అరగంట తిరిగితే వేడెక్కిపోయేది. ఆపి, చల్లార్చి, మళ్ళీ తిప్పడానికి పక్కన మనిషి ఉండాలి. బాబాయి సెలవు రోజుల్లోనూ ఉండేవాడు. పిన్ని పోయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. "కాస్త ఊపిరి పీల్చుకోవే" అని మిల్లు మూత తట్టేవాడు. నేను చాటుగా నవ్వుకునేదాన్ని. అప్పట్లో నా తెలివి అంతే.

తర్వాత దానంతటదే ఆగి, దానంతటదే తిరిగే కొత్త మిల్లు వచ్చింది. అది కుదురుకుంటే బాబాయిని స్టోరుకు మారుస్తామనీ, ఐదింటికల్లా ఇంటికి పోవచ్చనీ మా గైడు మేడం వరమిచ్చినట్టు చెప్పింది. ఆయన తలూపాడు.

కొత్త మిల్లు పొడితో చేసిన బిళ్ల పగిలింది. రెండోదీ పగిలింది. బాబాయి నోటుబుక్కులో ఉన్నది పొల్లుపోకుండా చేశాను. ఇందులో రాయనిది ఇంకేమైనా చేసేవారా అని బాబాయిని అడిగితే, ఏమీ లేదన్నాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడిగినా ఈయన పెట్టలేదు. మూడో బిళ్ల పగిలేసరికి థీసిస్ ఇవ్వడానికి గడువు మూడు వారాలే ఉంది. బల్ల మీద తల పెట్టి ఏడ్చేశాను.

బాబాయి కుర్చీ లాక్కుని చెప్పాడు. ఐదు గంటలకోసారి, గాలి చొరబడని పెట్టెలో డబ్బా విప్పి, గోడకు అట్టకట్టిన పొడిని గీకి కలపాలట. అల్యూమినియం మెత్తన కాబట్టి గోడకే అంటుకుపోయి, మిగతావాటితో కలవదట.

నాకు ఒళ్ళు మండింది. "ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్? నా చదువు గంగలో కలిసేది."

ఆయన నా వంక చూడలేదు. "చెబితే ఇంటికెళ్ళిపోవాలి కదమ్మా" అన్నాడు.

నాలుగో బిళ్ల పగల్లేదు. గీకే పని నేనే నేర్చుకున్నాను. ఆయన స్టోరుకు మారాడు.

ఒక సెలవు రోజు పొద్దున్నే వస్తే, ప్రయోగశాల మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. ఏం బాబాయ్ ఇలా వచ్చారంటే, ఊరికేనన్నాడు. తాళం తీశాను. ఆయన లేచి నిలబడ్డాడు. లోపలికి రండి అనడానికి నా నోటి ముత్యాలేం రాలిపోయేవి కావు. నాకు పనుందని చెప్పి తలుపు వేసుకున్నాను.