తెగిన తీగ మీద వచ్చిన జవాబు

1974 వానాకాలం. బెజవాడలో కాలువల కంట్రోల్ రూముకి నేను లైన్ మెకానిక్‌ని. కాలువ గట్ల వెంబడి స్తంభాల మీద నడిచే టెలిఫోన్ తీగ నా బాధ్యత. ఎనిమిది లాకుల దగ్గర లస్కర్లు, అంటే తలుపులు ఎత్తి దించే మనుషులు, గంటకోసారి గేజి చూసి నీటిమట్టం ఫోన్లో చెబుతారు. బెజవాడలో గుమస్తా రిజిస్టర్లో రాస్తాడు. అది చూసి ఇంజనీరు గారు కాలువలోకి ఎంత నీరు వదలాలో తేలుస్తారు.

చిక్కేమిటంటే, ఎనిమిది లాకుల అంకెలు రిజిస్టర్లో పడేసరికి ముప్పావు గంట పట్టేది. ఆఖరి లాకుది రాసేసరికి మొదటిది పాతబడిపోయేది. "ఏమయ్యా, నీ తీగలో నత్తలు పాకుతున్నాయా?" అన్నారు ఇంజనీరు గారు. నాకు ఒళ్ళు మండింది. తీగ అంతా పరీక్షించాను, ఫోన్ల బ్యాటరీలు మార్చాను. ఒక్క నిమిషం కూడా తగ్గలేదు.

అప్పుడు గడియారం పెట్టుకుని గుమస్తా పక్కన కూర్చున్నాను. ఒక అంకె రాయడానికి పట్టేది నాలుగైదు సెకన్లు. మిగతాదంతా ఎదురుచూపే. ఎగువ మట్టం, దిగువ మట్టం, తలుపు ఎత్తు, వాన అని ఒక్కో లాకు నాలుగు అంకెలు చెప్పాలి. ఒకటి చెప్పి, గుమస్తా "రాశాం" అనేదాకా ఆగి, ఆ తరవాతే రెండోది. ఆ మాట వినకుండా లస్కరు ఫోను వదలకూడదని పాత రూలు. పైగా దూరపు లాకుల గొంతు బెజవాడ దాకా వినపడదు. పామర్రు దగ్గర మధ్య పోస్టులో దేవదానం అనే ఉద్యోగి విని, మళ్ళీ బెజవాడకి చెప్పేవాడు. "రాశాం" కూడా అతని నోటి మీదుగానే వెనక్కి వెళ్ళాలి.

నేను రెండు మార్పులు చెప్పాను. నాలుగు అంకెలూ ఒకే గుక్కలో చెప్పడం ఒకటి. దేవదానం విన్న వెంటనే తనే "రాశాం" అనేసి, కాగితం మీద పెట్టుకుని, అన్నీ కలిపి ఒక్కసారే బెజవాడకి చదవడం రెండోది. ముప్పావు గంట పని పావుగంటకి దిగింది. ఇంజనీరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. వారం రోజులు నేను నేల మీద నడవలేదు.

నెల తిరక్కుండానే ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం, స్తంభాలు ఒరిగాయేమో చూద్దామని సైకిలెక్కి గట్టు వెంట బయల్దేరాను. పామర్రు దాటి నాలుగు మైళ్ళు పోయాక తీగ తెగి వరిచేలో పడి ఉంది. చుట్టూ మనిషి లేడు, పిట్ట లేదు. ఈ సంగతి దేవదానానికి చెబుదామని, పామర్రు వైపు కొనకి, లైను పరీక్షకి వెంట ఉంచుకునే నా చేతిఫోను తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాను. నేనింకా నోరు తెరవలేదు.

"రాశామండీ, ఆరడుగుల మూడంగుళాలు," అంది దేవదానం గొంతు, ఎంతో మర్యాదగా.

తీగ అవతలి కొన నా కాళ్ళ దగ్గర బురదలో ఉంది.

"దేవదానం, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నాంచారయ్య గారితోనండి, ఆఖరి లాకు. పొద్దున్నించీ చెప్తానే ఉన్నాడు గదా. కాస్త సన్నంగా, హోరులో కలిసి వస్తంది. అర్థం కానిచోట ఇక్కడ మా పోస్టు గేజిని బట్టి సరిచేసుకుంటన్నా."

"తీగ తెగి నా చేతిలో ఉందయ్యా."

ఫోను చెవికి అదిమిపెట్టి నేనూ ఆ హోరు విన్నాను. వింటూ ఉంటే, దూరంగా ఎవరో ముసలాయన అంకెలు చెబుతున్నట్టే ఉంది. నాకు నిజంగా భయం వేసింది.

"మరి ఆ గొంతు ఎవరిదండి?" అన్నాడు దేవదానం.

ఫోను పీకి రెండో కొనకి తగిలించాను. అక్కడ నాంచారయ్య ఉన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "తొమ్మిదడుగులండి. రాశారా? తొమ్మిదడుగులండి. రాశారా?"

మట్టం ఎనిమిదడుగులు దాటితే పైన నీరు కట్టెయ్యాలి. లేకపోతే లాకు తలుపులు ఆగవు, గట్టు కింది ఊళ్ళు ఆగవు. రిజిస్టర్లో మాత్రం ఆరడుగులే ఉంది.

"నాంచారయ్యా, నేను విన్నాను. ముందు నువ్వు అక్కణ్ణించి బయటికి రా."

"గదిలో మోకాళ్ళ దాకా నీళ్ళేనండి. మీరు ఇంటే సరిపోద్దా? పుస్తకంలో పడొద్దూ?"

తీగ అతికించాను. ఈసారి దేవదానం కాగితం మీద పెట్టుకోలేదు. తొమ్మిదడుగులూ బెజవాడ దాకా వెళ్ళాయి, గుమస్తా రాసి తిరిగి చదివాడు, దేవదానం ఆ మాట వెనక్కి అందించాడు. "సరేనండి" అని నాంచారయ్య ఫోను పెట్టిన చప్పుడు నాకు వినిపించింది. పైన నీరు కట్టేశారు, తలుపులు నిలిచాయి. ఆ సాయంత్రమే అతను నిలబడ్డ ఫోను గది కాలువలోకి ఒరిగిపోయింది.

ఎదురుచూపంతా దండగ కాదని నాకు తెలిసింది అప్పుడే. నేను సెకన్లు లెక్కపెట్టాను గానీ, ఆ సెకన్లు ఏం కాపలా కాస్తున్నాయో చూడలేదు. హోరునే గొంతనుకుని విన్నవాడే రాశామనేస్తే, తప్పో ఒప్పో అడిగేవాడు ఉండడు. నాలుగు అంకెలు ఒకే గుక్కలో చెప్పే పద్ధతి ఉంచాం, రిజిస్టర్లో పడకముందే "రాశాం" అనడం మానేశాం. పావుగంట పని అరగంట అయింది.

లేని అంకెలు పంపినందుకు దేవదానానికి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. విన్న వెంటనే రాశామని చెప్పమన్నది ఎవరని విచారణలో అడగలేదు. నేను చెప్పలేదు. అతనూ చెప్పలేదు. ఆ తరవాత ఎప్పుడు పామర్రు వెళ్ళినా పిలిచి కూర్చోబెట్టి టీ తెప్పించేవాడు. ఆ టీ గొంతు దిగేది కాదు.