అత్తగారి లక్ష్మీకాసు

వరలక్ష్మీ వ్రతం రేపనగా మా అత్తగారి పూజ డబ్బా తెరిచాను. పాత నేతి కంపు గుప్పుమంది. దూదిలో చుట్టిన లక్ష్మీకాసు బయటికి తీస్తే వేళ్లకు జిగురు అంటింది. దూది నిండా చచ్చిన చీమలు, ఒక బొద్దింక కాలు.

ఆ కాసు పెళ్లిలో ఆవిడకు వాళ్లమ్మ ఇచ్చింది. ఏటా వ్రతానికి దానికి పంచామృతాలతో అభిషేకం చేసి, పసుపు కుంకుమ పెట్టి, మర్నాడు అలాగే దూదిలో చుట్టేస్తారు. అమ్మవారికి పెట్టింది కడగకూడదట. పాలు, పెరుగు, తేనె ఏళ్ల తరబడి పేరుకుని లక్ష్మి మొహం నల్లగా పెచ్చు కట్టింది. దేవుడి పేరు చెప్పి ఇంత మురికి దాచుకోవడమేమిటని నాకు ఒళ్లు మండింది.

ఆవిడ ఎ.కొండూరులో పేరంటానికి వెళ్లారు. ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండు, ఇటుకపొడి వేసి స్టీలు పీచుతో కసిగా తోమాను. మేలిమి బంగారం మెత్తగా ఉంటుందని, బొమ్మ అసలే అరిగి ఉందని తట్టలేదు. తుడిచి చూస్తే లక్ష్మికి కళ్లు లేవు, ముక్కు లేదు. మొహమంతా గీతలు.

బజారులో కంసాలి దగ్గరికి పరుగెత్తాను.

"గోరువెచ్చటి నీళ్లలో కాస్త కుంకుడురసం వేసి నానబెడితే అదే వదిలేదండి. మెత్తటి గుడ్డతో అద్దాలేగానీ రుద్దకూడదు. బాగా ఆరాక పొడిగుడ్డలో విడిగా చుట్టుకోవాలి" అన్నాడు. మళ్లీ తనే పళ్లికిలిస్తూ, "కరిగించి ఇట్టాంటిదే కొత్తది చేసిస్తాను, ఆవిడకేం తెలుస్తుంది" అన్నాడు.

అతన్ని చూస్తే అసహ్యం వేసింది. ఒక్క క్షణం సరే అందామనుకున్నందుకు నా మీద అంతకన్నా ఎక్కువ వేసింది. కాసు తీసుకుని వచ్చేశాను.

సాయంత్రం ఆవిడ చేతిలో పెట్టి, "నేనే తోమానండి అత్తయ్యా, పాడైపోయింది" అన్నాను. మొహం చెరిగిన బొమ్మ పూజకు పనికిరాదని నాకూ తెలుసు. తిడతారని తల వంచుకున్నాను. తిట్టలేదు. బొటనవేలితో కాసును చాలాసేపు తడిమారు.

"మా అమ్మ దీనికి బొట్టు పెట్టి నా చేతికిచ్చింది" అన్నారు.

తర్వాత దాన్ని నా అరచేతిలో పెట్టి వేళ్లు మూశారు.

"ఇంక ఇది ఉత్త బంగారమే అమ్మాయ్. నీ బీరువాలో పెట్టుకో."