వెర్నా కంగస్ చేసిన ఆకులు

వంద రోజులు ఇంట్లో చిటికెడు మట్టి కూడా ఉండకూడదన్నాడు డాక్టరు. ఇనెజ్ లెహ్టోకు ఎముక మజ్జ మార్చారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏమీ చేయని కుండీ మట్టి బూజు ఇప్పుడామె ప్రాణం తీయగలదు.

అమెరికాలో సరస్సు ఒడ్డునున్న డులుత్ ఊళ్లో, కొండ మీద వాళ్ల ఇంట్లో, ముందుగది కిటికీ నిండా పదకొండు మొక్కల కుండీలు. ఏడాదిలో సగం రోజులు బయట మంచు తప్ప ఏమీ కనబడని ఊళ్లో, ఇనెజ్ ఇరవై ఏళ్లుగా ఆ కిటికీ ముందే బతికింది.

"ప్లాస్టిక్ మొక్కలు పెట్టావో, నేను గడప తొక్కను," అంది ఆసుపత్రి మంచం మీంచి భర్తతో. "పళ్ల డాక్టరు గదిలో దుమ్ముకొట్టుకుపోయిన ఆ తాటిచెట్టు చూశావుగా? పోనీ కిటికీ ఖాళీగా ఉంచావనుకో, రెండో రోజే నేను పెంచిన రబ్బరు మొక్కను ఎక్కడున్నా నేనే మోసుకొచ్చుకుంటా. చూసుకో మరి."

ముప్పై ఏళ్లు ఊరి వీధుల్లో మంచు తోడే బండి నడిపిన ఆర్విడ్‌కు భార్య సంగతి తెలుసు. అన్నదంటే చేస్తుంది. ఆ భయంతోనే వెర్నా కంగస్ ఇంటి తలుపు తట్టాడు.

వెర్నా రేవు దగ్గర షెడ్డులో పడవలకు కప్పే గుడ్డలు కుట్టి రిటైరైన మనిషి. చేతులు ఊరుకోక గుడ్డతో ఆకులు చేయడం మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు. పాడుచేసిన ఆకులే నేర్పాయి.

మర్నాడు వచ్చి కిటికీ ముందు స్టూలు వేసుకుని మధ్యాహ్నందాకా ఊరికే చూసింది. తర్వాత ఒక్కో ఆకు కింద మెత్తటి ప్లాస్టరు పట్టించి అచ్చు తీయసాగింది. రబ్బరు మొక్క ఒక్కదానికే ముప్పై నాలుగు ఆకులు.

"ఒక్క అచ్చు తీసి ముప్పై నాలుగూ కొట్టేయకూడదా, వెర్నా గారూ?" అన్నాడు ఆర్విడ్.

"ఒక వీధి తోడేసి ఊరంతా తోడానని చెప్పేవాడివా ఏం?"

ఆరు వారాలు ఆర్విడ్ ఆమె వెనకే నిలబడి చూశాడు. గట్టి గుడ్డను అచ్చులో నొక్కితే ఈనెలు లేచేవి. పైన నిగనిగలాడే ముదురు రంగు, అడుగున వెలిసినట్టుండే లేత రంగు. పురుగు కొరికిన చోట కొరికినట్టే, ఎండకు మాడిన అంచు మాడినట్టే. కొమ్మలన్నీ వెలుతురు వైపు రవ్వంత వంగి ఉన్నాయి. తడిగుడ్డతో రోజూ తుడిచినా రంగు పోకుండా పూత వేసింది. కుండీల్లో ప్లాస్టరు పోసి, పైన మట్టిరంగు పూసింది.

అసలు మొక్కలను వెర్నా ఇంట్లో అద్దాల వరండాకు తరలించే రోజు, చలి తగలకుండా దుప్పటి చుట్టి రబ్బరు మొక్కను కారులో పెట్టాడు ఆర్విడ్. వెర్నా దుప్పటి ఎత్తి చూసింది.

"నేను చేసింది నాకే ఇస్తున్నావేంటయ్యా?"

ఇరవై ఏళ్లు ఒకే గదిలో బతికిన మొక్కను ఆర్విడ్ గుర్తుపట్టలేకపోయాడు. గబగబా అసలుదాన్ని బయటికి తెచ్చి, ఇల్లంతా మూడుసార్లు కడిగించాడు.

ఇనెజ్ ఇంటికొచ్చింది. ముఖానికి మాస్కు, చేతిలో కర్ర. కుర్చీలో కూర్చుని కిటికీకేసి చాలాసేపు చూసింది. అంత చూసి, "చెయ్యి గొప్పదే," అంది. "కానీ ఏం లాభం, ఇవి ఎదగవుగా. నా మొక్క నాక్కావాలి."

నాలుగో రోజు ఇనెజ్ కారు తాళాలు వెతుకుతూ దొరికిపోయింది. ఆర్విడ్ వెంటనే వెర్నాకు ఫోన్ చేశాడు.

ఆ మంగళవారం వెర్నా వచ్చింది. మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని, జేబులోంచి పట్టకారు తీసి రబ్బరు మొక్క అడుగు ఆకును పుటుక్కున పీకింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్?" అని అరిచింది ఇనెజ్.

"నిన్న మా వరండాలో అసలు మొక్కది రాలిపోయిందమ్మా. ఇక్కడిది ఉంచితే అబద్ధమాడినట్టు."

ఇనెజ్ ఆ ఖాళీ చోటుకేసి వంగింది.

"హీటరుకు దగ్గరగా పెట్టావా దాన్ని?"

"రెండడుగులు ఉంటుందేమో."

"బుద్ధుందా నీకు! తీసి తూర్పు మూలకు పెట్టు. నీళ్లు వారానికి ఒక్కసారే. వేలు పెట్టి చూసి మరీ పొయ్యి."

"సరేనమ్మా," అంది వెర్నా బుద్ధిగా.

ఆపైన ప్రతి మంగళవారం అక్కడ జరిగిందే ఇక్కడా జరిగేది. ఒక తీగ జానెడు సాగింది. ఒక ఆకు పండి పసుపురంగుకు తిరిగింది. ఇనెజ్ గుడ్డ ఆకులు చూసి వైద్యం చెప్పేది, అసలు మొక్కలు వెర్నా ఇంట్లో కోలుకునేవి. ఆర్విడ్ కాఫీ పోస్తూ ఈ ఇద్దరినీ నోరు తెరుచుకుని చూసేవాడు.

ఇనెజ్ ఇంటికొచ్చిన యాభై మూడో రోజున వెర్నా చిన్న డబ్బా తెరిచింది. లోపల పెన్సిలు మొనంత సన్నగా, మైనం పూసిన పట్టుతో చేసిన ఎర్రటి తొడుగు. రబ్బరు మొక్క చిట్టచివర దాన్ని అతికించింది. అసలు మొక్కలో అలాంటి తొడుగులోనే కొత్త ఆకు చుట్టుకుని ఉంటుంది.

ఇనెజ్ కర్ర మరిచిపోయి లేచింది. ముఖం దానికి దగ్గరగా పెట్టి, ఊపిరి తగిలితే అదురుతుందేమోనన్నట్టు నిలబడింది.

"ఎప్పుడు విచ్చుకుంటుంది?"

"నాకేం తెలుసు? అక్కడ విచ్చుకుంటే ఇక్కడికి తెస్తా. పది రోజులో, ఇరవై రోజులో."

"ఆగుతాలే," అంది ఇనెజ్. "అసలు మొక్కను మాత్రం ఇప్పుడు కదిలించకు. మొగ్గ మీదుంది."